పునాది గుంటలో బూడిద రంగు మట్టి: కొనే ముందు చెరువు నేలను గుర్తుపట్టడం ఎలా?

మా ఖాలూ దమ్మామ్‌లో పదకొండేళ్లు పనిచేసి, ఆ డబ్బుతో హైదరాబాద్ శివారులో 200 గజాల ప్లాట్ కొన్నారు. మంచి రోడ్డు, కరెంటు స్తంభాలు, చుట్టుపక్కల అప్పటికే ఐదారు ఇళ్లు. వేసవిలో చూసినప్పుడు నేల గట్టిగా, ఎర్రటి మొరంతో చదునుగా ఉంది. పునాది కోసం గుంటలు తీయడం మొదలుపెట్టాక నాలుగు అడుగుల కింద మొరం అయిపోయింది. దాని కింద బూడిద రంగు మట్టి వచ్చింది. జిగురుగా ఉంది. అందులో అక్కడక్కడ తుప్పు రంగులో సన్నటి గీతలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కోడిగుడ్డు కుళ్లినట్టు వాసన.

మేస్త్రీ పార పక్కన పెట్టి, "సాబ్, ఇది చెరువు మట్టి" అన్నాడు.

ఖాలూ ఒప్పుకోలేదు. "రిజిస్ట్రేషన్ అయింది కదా భాయ్, చెరువు ఎలా అవుతుంది?" అన్నారు. ఆ రోజు నేను కూడా అక్కడే ఉన్నాను. నేను చదివింది కామర్స్. సైన్స్ పదో తరగతితోనే ఆగిపోయింది. కాగితాల మీద లేని విషయం మేస్త్రీ మట్టి చూసి ఎలా చెప్పాడో నాకు అర్థం కాలేదు. తర్వాత చదివి, అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మనలో చాలా కుటుంబాలు జీవితంలో ఒక్కసారే ప్లాట్ కొంటాయి. ఆ ఒక్కసారి పొరపాటు జరిగితే తిరిగి కోలుకోవడం కష్టం.

చిత్తడి నేల అంటే ఏది?

చెరువు అనగానే మనకు నిండా నీళ్లే గుర్తొస్తాయి. కానీ ఏడాదంతా నీళ్లుంటేనే చిత్తడి నేల అవుతుందని లేదు. ఏటా కొన్ని వారాలో, కొన్ని నెలలో నీళ్లు నిలిచి, ఆ నీటివల్ల మట్టి స్వభావం, అక్కడ పెరిగే మొక్కలు మారిపోతే చాలు. అది చిత్తడి నేలే. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం కూడా ఇదే చెబుతుంది. సహజమైనదైనా మనిషి తవ్వినదైనా, నీళ్లు శాశ్వతంగా ఉన్నా కొంతకాలమే ఉన్నా చిత్తడి నేలగానే లెక్క. ఆంధ్రప్రదేశ్‌లోని కొల్లేరు 2002లో ఆ జాబితాలో చేరింది.

మన దేశంలో 2017లో వచ్చిన చిత్తడి నేలల నిబంధనల్లో మాత్రం ఒక మెలిక ఉంది. సాగునీటి కోసం, తాగునీటి కోసం ప్రత్యేకంగా కట్టిన చెరువులను, వరి పొలాలను వాటి పరిధి నుంచి తప్పించారు. దక్కన్‌లో చెరువులన్నీ దాదాపు మనుషులు కట్టినవే. హుస్సేన్ సాగర్‌ను 1562లో కట్టారు. అంటే మన చెరువులకు ఆ నిబంధనల కంటే రాష్ట్రంలో ఉన్న ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ నియమాలే ఎక్కువ రక్షణ. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు ఎంతవరకు వస్తాయో ఆ గీత. ఆ గీత లోపల నీళ్లు తగ్గాక బయటపడే నేలనే మన ఊళ్లలో శిఖం భూమి అంటారు. వేసవిలో వెళ్తే అది మామూలు మైదానంలాగే కనిపిస్తుంది. మా ఖాలూ చూసింది అదే.

నీటికీ జమాఖర్చు ఉంది

చెరువును నేను బ్యాంకు ఖాతాలాగా అర్థం చేసుకున్నాను. వాన, వాగులు, పై చెరువు మత్తడి నుంచి వచ్చే నీళ్లు జమ. ఆవిరి కావడం, భూమిలోకి ఇంకడం, తూము ద్వారా పొలాలకు పోవడం, మత్తడి దూకి కింది చెరువుకు వెళ్లడం ఖర్చు. మిగిలింది నిల్వ. మన పెద్దలు చెరువులను ఒకదాని కింద ఒకటిగా, గొలుసులాగా కట్టారు. పైది నిండితే మిగులు కిందిదానికి వెళ్తుంది. అందుకే గొలుసుకట్టు చెరువులు అంటాం. మధ్యలో ఒక్క చెరువును పూడ్చినా, రెండు చెరువులను కలిపే నాలాను ఇరుకు చేసినా గొలుసు మొత్తం దెబ్బతింటుంది.

ఒక చిన్న లెక్క చూడండి. 200 గజాల ప్లాట్ అంటే సుమారు 167 చదరపు మీటర్లు. చెరువులో అంత స్థలాన్ని ఒక మీటరు ఎత్తు మొరంతో నింపితే 1 లక్షా 67 వేల లీటర్ల నీటికి చోటు పోయినట్టు. పదివేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు 17. అదే ఎకరం పూడిస్తే 40 లక్షల లీటర్లు, అంటే 400కు పైగా ట్యాంకర్లు. ఆ నీళ్లు మాయమైపోవు. వాన పడ్డ రోజు వాటికి ఎక్కడో ఒకచోట నిలబడాలి. చెరువులో చోటు లేకపోతే పక్క వీధిలో నిలబడతాయి.

2020 అక్టోబర్ 13న హైదరాబాద్‌లో జరిగింది ఇదే. బేగంపేటలో 24 గంటల్లో దాదాపు 19 సెంటీమీటర్ల వాన నమోదైంది. పల్లె చెరువు, గుర్రం చెరువు నీళ్లు ఆ వారంలో కాలనీల మీద పడ్డాయి. అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబా నగర్ వీధుల్లో ఇళ్లు మునిగాయి. జల్‌పల్లి దగ్గర ఉస్మాన్ నగర్‌లో అయితే నీళ్లు నెలల తరబడి పోలేదు. అంత వాన పడటం ఒక కారణం. నీళ్లకు పాత దారి, పాత చోటు లేకపోవడం రెండో కారణం.

విజయవాడ వాళ్లకూ ఇది కొత్త కాదు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. బుడమేరు వెళ్లి కలిసేది కొల్లేరులోనే. ఒకప్పుడు ఇలాంటి వరద నీటిని పట్టి ఉంచి, ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రంలోకి వదిలే పని కొల్లేరుది. చేపల చెరువుల కట్టలు పెరిగేకొద్దీ ఆ పని కష్టమైంది. 2005-06లో ప్రభుత్వం ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఆ కట్టలను తొలగించాల్సి వచ్చింది.

పైన నీళ్లకు చోటిస్తేనే కింద ఊరు క్షేమంగా ఉంటుందని మన నగరానికి ఎప్పుడో తెలుసు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో వేలమంది చనిపోయాక నిజాం ప్రభుత్వం ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టించింది. 1920లో ఒకటి, 1927లో ఇంకొకటి పూర్తయ్యాయి. ఆ పాఠం మనం మరిచిపోయాం.

నీళ్ల కింద మట్టికి ఏమవుతుంది?

ఇప్పుడు మేస్త్రీ చెప్పిన మట్టి దగ్గరికి వద్దాం. మామూలు నేలలో మట్టి రేణువుల మధ్య గాలి ఉంటుంది. వేర్లు, కోట్లాది సూక్ష్మజీవులు ఆ గాలిలోని ఆక్సిజన్ పీల్చి బతుకుతాయి. నీళ్లు నిలవగానే ఆ ఖాళీలన్నీ నీటితో నిండిపోతాయి. గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఉన్న కాస్త ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులు గంటల్లోనో, కొద్ది రోజుల్లోనో వాడేస్తాయి. కొత్తది రాదు.

అప్పుడు ఆక్సిజన్ లేకుండా బతకగల బ్యాక్టీరియా పని మొదలవుతుంది. అవి ఆక్సిజన్‌కు బదులు మట్టిలో ఉన్న వేరే పదార్థాలను వరుసగా వాడుకుంటాయి. ముందు నైట్రేట్, తర్వాత మాంగనీస్, తర్వాత ఇనుము, ఆ తర్వాత సల్ఫేట్. అన్నీ అయిపోతే చివరికి మీథేన్ గ్యాస్ తయారవుతుంది. చెరువు బురదలో కాలు పెట్టినప్పుడు బుడగలు వస్తాయి కదా, వాటిలో ఉండేది ఎక్కువగా అదే.

మనకు కంటికి కనిపించేది ఇనుము సంగతి. తెలంగాణ చెలక నేలలు ఎర్రగా ఉండటానికి కారణం ఇనుము తుప్పు. ఆ తుప్పు ప్రతి మట్టి రేణువు మీదా పల్చటి రంగు వేసినట్టు అంటుకుని ఉంటుంది. నీళ్ల కింద బ్యాక్టీరియా ఆ ఇనుమును వాడుకున్నప్పుడు అది నీటిలో కరిగే రూపానికి మారి, రేణువుల మీద నుంచి జారిపోతుంది. రంగు కడిగేసిన గోడలాగా మట్టి బూడిద రంగులోకి, ఒక్కోసారి నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులోకి మారుతుంది. కరిగిన ఇనుముకు ఎక్కడైనా గాలి తగిలితే, అంటే వేరు పోయిన సందులోనో పగులులోనో, అక్కడ మళ్లీ తుప్పుగా గడ్డకడుతుంది. పునాది గుంటలో మేము చూసిన తుప్పు గీతలు అవే. ఆ కుళ్లిన గుడ్డు వాసన సల్ఫేట్ నుంచి పుట్టిన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది.

ఇందులో అసలు విషయం ఏమిటంటే, ఈ గుర్తులు తొందరగా చెరిగిపోవు. కట్ట తెంచినా, నాలా మళ్లించినా, పైన మొరం పోసినా, కింద ఆ బూడిద రంగు, తుప్పు మచ్చలు దశాబ్దాల తరబడి ఉండిపోవచ్చు. సర్వే నంబర్ మార్చవచ్చు, వెంచర్‌కు మంచి పేరు పెట్టవచ్చు. మట్టి మాత్రం తన పాత ఖాతా పుస్తకాన్ని దాచుకునే ఉంటుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. నల్లగా ఉన్న ప్రతి మట్టీ చెరువు మట్టి కాదు. నల్లరేగడి సహజంగానే నలుపు. అది మంచి పత్తి నేల. చూడాల్సింది నలుపు కాదు. బూడిద రంగు, అందులో తుప్పు గీతలు, వాసన, జిగట, ఇవన్నీ కలిసి ఉన్నాయా అన్నది చూడాలి. ఇంకో గుర్తు కూడా ఉంది. తవ్వినప్పుడు బూడిద రంగులో ఉన్న ముద్దను గాలికి వదిలేస్తే, కొన్నిసార్లు మరుసటి రోజుకల్లా గోధుమ రంగుకు తిరుగుతుంది. అందులోని ఇనుముకు గాలి తగిలిందన్నమాట.

మొక్కలు కూడా సాక్ష్యం చెబుతాయి

ఆక్సిజన్ లేని బురదలో మామూలు మొక్క వేర్లు కుళ్లిపోతాయి. కుండీలో మొక్కకు నీళ్లు ఎక్కువైతే వాడిపోవడం మనం ఇంట్లో చూసేదే. మరి చెరువు మొక్కలు ఎలా బతుకుతున్నాయి? అవి తమ గాలిని తామే కిందికి తీసుకెళ్తాయి.

బజారులో కమల్ కకడీ పేరుతో దొరికే తామర దుంపను అడ్డంగా కోస్తే గుండ్రటి రంధ్రాలు వరుసగా కనిపిస్తాయి. అవి అందం కోసం కాదు. ఆకుల నుంచి బురదలోని దుంప దాకా గాలి వెళ్లే గొట్టాలు. తూటికూర కాడ లోపల బోలుగా ఉండటానికీ కారణం అదే. ఆ గాలి వల్లే దాని తీగ నీటి మీద తేలుతుంది. కొన్ని కలువ జాతులు ఇంకా తెలివైనవి. ఎండకు లేత ఆకుల్లో ఒత్తిడి పెరిగి గాలి కిందికి నెట్టబడుతుంది, దుంప గుండా తిరిగి ముదురు ఆకుల నుంచి బయటికి వస్తుంది. ఫ్యాను లేకుండానే వెంటిలేషన్.

మనం రోజూ తినే వరి కూడా ఈ కోవలోదే. దాని వేర్లలో గాలి గదులుంటాయి. వేరు నుంచి కొంచెం ఆక్సిజన్ చుట్టూ ఉన్న బురదలోకి కారుతుంది. అందుకే వరి మొక్కను పీకి కడిగితే వేర్ల మీద తుప్పు రంగు పూత కనిపిస్తుంది. ఆ పూత ఇనుము విషం లోపలికి పోకుండా కొంత అడ్డుకుంటుంది. అలాగని వరి పూర్తిగా మునిగితే తట్టుకోలేదు. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో పుట్టిన స్వర్ణ రకానికి ముంపును తట్టుకునే గుణం జోడించి స్వర్ణ సబ్-1 తయారుచేశారు. అది నీళ్లలో మునిగినప్పుడు పైకి సాగడానికి శక్తి ఖర్చు పెట్టదు. రెండు వారాల దాకా ఊపిరి బిగబట్టి కూర్చుని, నీళ్లు తీశాక మళ్లీ పెరుగుతుంది.

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో బురదతో పాటు ఉప్పు సమస్య కూడా ఉంది. అక్కడ కొన్ని మడ చెట్ల వేర్లు పెన్సిళ్లలాగా నేలలోంచి పైకి పొడుచుకొస్తాయి. ఆటు సమయంలో, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, వాటితోనే గాలి పీల్చుకుంటాయి. కొన్ని చెట్లు ఎక్కువైన ఉప్పును ఆకుల మీదుగా బయటికి పంపేస్తాయి.

మనకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఖాళీ ప్లాట్ల మధ్య గుబురుగా జమ్ము పెరిగి ఉంటే అక్కడ నేల తడి ఆరడం లేదని అర్థం. పైన మొరం పోసినా పక్కన గుంతల్లో జమ్ము, తుంగ మళ్లీ మళ్లీ వస్తుంటే ఒకసారి ఆగి ఆలోచించాలి. అయితే డ్రైనేజీ నీళ్లు కారే చోట కూడా జమ్ము వస్తుంది. కాబట్టి మొక్కను ఒక్కదాన్నే చూసి తీర్పు ఇవ్వకూడదు, మట్టితో కలిపి చూడాలి.

జీతం అడగని పనివాడు

చిత్తడి నేలను ఖాళీ జాగా అనుకుంటాం. అది చేసే పనికి బిల్లు రాదు కాబట్టి విలువ కనిపించదు. వరదను ఆపడం ఒక పని. రెండోది వడపోత. నీటి వేగం తగ్గి మట్టి కిందికి దిగుతుంది. నైట్రేట్‌ను బ్యాక్టీరియా మామూలు నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి. మూడోది, ఆక్సిజన్ లేకపోవడం వల్ల ఆకులు, వేర్లు తొందరగా కుళ్లవు. వాటిలోని కార్బన్ మట్టిలోనే ఉండిపోతుంది. ప్రపంచ భూభాగంలో చిత్తడి నేలలు 5 నుంచి 8 శాతమే. కానీ నేలలో ఉన్న కార్బన్‌లో 20 నుంచి 30 శాతం వాటిలోనే ఉందని అంచనా.

దీనికీ ఒక హద్దు ఉంది. కాలనీల మురుగంతా చెరువులోకి వదిలితే అది వడకట్టలేదు. నీళ్లలో పోషకాలు ఎక్కువై గుర్రపు డెక్క కమ్మేస్తుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్క కింద వెలుతురు పోతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది, చేపలు చచ్చి తేలతాయి. మురుగు ఆపాక కూడా చెరువు వెంటనే బాగుపడదు. ఇన్నేళ్లు ఇనుముకు అంటుకుని అడుగున చేరిన ఫాస్ఫరస్, ఆక్సిజన్ లేనప్పుడు మళ్లీ నీటిలోకి వస్తూనే ఉంటుంది. పాత అప్పు మీద వడ్డీ కట్టినట్టే.

కొనే ముందు ఏం చేయాలి?

మొదట, వేసవిలోనే కాదు, వానాకాలంలో కూడా ప్లాట్ చూడండి. ఒక పెద్ద వాన పడ్డ మరుసటి రోజు వెళ్తే ఇంకా మంచిది. చుట్టుపక్కల ఇళ్ల గోడల మీద నీటి గీతలు, అడుగున చెమ్మ, ఉప్పు పొడి ఉన్నాయేమో గమనించండి. బ్రోకర్‌ను కాదు, పక్కింటి అమ్మను అడగండి.

రెండు, బయానా ఇచ్చే ముందు ఒక మూల గుంట తీయించండి. పైన పోసిన మొరం దాటి కింది అసలు మట్టి కనిపించేదాకా తవ్వాలి. బూడిద రంగు, తుప్పు గీతలు కనిపిస్తే ఇంజనీర్‌తో మట్టి పరీక్ష చేయించండి. ఇలాంటి మెత్తని జిగట మట్టి బరువుకు కుంగే ప్రమాదం ఉంది. సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకవు.

మూడు, హైదరాబాద్ పరిధిలో అయితే హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో ఆ చెరువు మ్యాప్ చూడండి. సర్వే నంబర్‌ను పాత గ్రామ పటంతో పోల్చండి. బిల్డింగ్ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకంటే పెద్ద చెరువులకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, చిన్న వాటికి 9 మీటర్లు బఫర్ జోన్. అక్కడ ఇల్లు కట్టకూడదు.

నాలుగు, రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన ఇల్లు కట్టుకోవచ్చని కాదు. ఎఫ్‌టీఎల్ లోపల పట్టా భూములు కూడా ఉంటాయి. యాజమాన్యం నిజమే కావచ్చు, నీళ్లు తగ్గాక సాగు చేసుకోవచ్చు, కానీ కట్టడానికి అనుమతి లేదు. ఇక నోటరీ కాగితం మీద కొన్న ప్లాట్ అయితే చెప్పనక్కర్లేదు. 2024 జులైలో హైడ్రా ఏర్పడ్డాక జరిగిన కూల్చివేతల్లో చాలా కుటుంబాలు ఈ తేడా ఇల్లు పోయాక తెలుసుకున్నాయి. అమ్మినవాడు అప్పటికి ఆ చుట్టుపక్కల ఉండడు.

మా ఖాలూ చివరికి మ్యాప్ తీయించారు. ప్లాట్ ఎఫ్‌టీఎల్ గీత లోపలే ఉంది. పునాది గుంటలు అలాగే వదిలేశారు. తర్వాతి వానలకు వాటిలో నీళ్లు నిండాయి, ఆ తర్వాత ఒక మూల జమ్ము మొలిచింది. ఇప్పటికీ బ్రోకర్లు ఫోన్ చేస్తుంటారు, కొంచెం తక్కువకైనా కొనేవాళ్లు ఉన్నారని. మొన్న ఈద్‌కు కలిసినప్పుడు అమ్మేయొచ్చు కదా అని నేనే అడిగాను. ఖాలా టీ గ్లాసు కింద పెట్టి ఒక్క మాట అన్నారు: "తెలిసి ఇంకొకరి పిల్లల్ని అందులో ఎలా ఉంచమంటావ్ బేటా?"